రెండో తాళంచెవి

నవ్వకు నూకయ్యన్నా! పక్కింటోడి ఉద్యోగం ఊడేటట్టుంటే నీకు నవ్వెలాగొస్తాది? ముందా కవరెక్కడుందో చెప్పు. పోయిన మంగళవారం మీ ఫ్యాక్టరీకి తెచ్చి ఇచ్చినాను. నా డాక్ బుక్కులో నువ్వు సంతకం కూడా పెట్టినావు.

అందులో ఏటుందా? పెన్‌డ్రైవు. పెన్‌డ్రైవులో ఏటుందా? అదే గదా నా ఖర్మ!

ఇన్నాళ్లూ మా బోల్టుల కంపెనీ కాగితాలు ఇందా పేట నుంచి మీకు సైకిల్ మీద నేనే మోసినాను. నువ్వు ఠప్పుమని స్టాంపు గుద్ది, చాయ్ తాగించేవాడివి. ఇప్పుడేమో మా కంప్యూటరూ మీ కంప్యూటరూ తిన్నగా మాటాడుకుంటన్నాయి. మధ్యలో మనమెందుకు?

మా కంప్యూటర్లు చూసే వినీల నాకు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. "అంకుల్, రెండు తాళంచెవులుంటాయి. ఒకటి వాళ్లకిస్తాం. మనకు పంపే కాగితానికి దాంతో తాళమేస్తారు. రెండోది మన దగ్గరే ఉండాలి. తాళం తీసేదీ, మన సంతకం పెట్టేదీ అదే. కాగితం చేరగానే అవతలి కంప్యూటర్ రసీదిస్తుంది, పంపిందీ చేరిందీ ఒకటేనని. ఒక్క చుక్క మారినా దొరికిపోతుంది."

అంతా తెలిసిపోయినట్టు తలాడించినాను. నా తల సంగతి నీకు తెలుసు గదా, ఆడించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఆ రెండోదాన్ని పెన్‌డ్రైవులో వేసి, జాగ్రత్తగా దాచమంది. ఈ ట్రాఫిక్ పేటలో మనవి పక్కపక్క గుమ్మాలు. మా ఆవిడ సూసన్నా నేనూ ఊరెళ్తే మా తాళంచెవి ఎవరింట్లో ఉంటాది? మీ ఇంట్లో. మీరెళ్తే మీది? మా ఇంట్లో. నాకు తెలిసిన బీరువా నువ్వే గదన్నా! కవర్లో పెట్టి, లక్కసీలేసి, నీకిచ్చేసినాను.

ఈ పొద్దున వినీల అడిగితే గర్వంగా చెప్పినాను. పిల్ల కుర్చీలో కూలబడిపోయింది. అది చేతిలో ఉన్నోడు మా కంపెనీ పేరున సంతకాలు పెట్టేయొచ్చట! అదీ మా సరుకు కొనే మీ ఫ్యాక్టరీవాళ్లకే ఇచ్చినానట! ఆ పిల్ల తాళాలు మార్చేస్తోందిలే. కానీ మా ఓనరు ఘోష్ దా ఒకటే మాటన్నాడు. "సాయంత్రానికి సీలు చెదరకుండా తే. లేకపోతే రేపట్నుంచి రావొద్దు."

ట్రంకుపెట్టె ఎందుకు లాగుతున్నావు? ఆఫీసులో ఎవరైనా ముడతారని ఇంటికి తెచ్చినావా? ... అబ్బ! అదే! సీలు వేసింది వేసినట్టే ఉంది! పెళ్లిపంచె కింద దాచినావా?

ఒక్కసారైనా తీసి చూడాలనిపించలేదా? "నీది నేనెందుకు చూస్తాన్రా" అంటావా?

అలా అనకన్నా. సిగ్గేస్తంది.

ఆ రసీదు మాట చెప్పినాను గదా, పంపిందీ చేరిందీ ఒకటేనని? పోయిన వేసవిలో మీరు విజయనగరం వెళ్తూ, ఇంటి తాళంచెవీ తులసి కుండీ నాకప్పజెప్పినారు. నీళ్లు పొయ్యడం మర్చిపోయినాను. వారానికి మొక్క పుల్లయిపోయింది. గోల్‌బజార్‌లో ఇంకోటి కొని పాతేసినాను. "తమ్ముడి చేతి చలవ, ఎంత గుబురెక్కిందో" అని వదినంటే, అవునని తలాడించినాను.

మళ్లీ నవ్వుతావేటి? ... తెలుసా? వదినకి వచ్చిన రోజే తెలుసా?

ఓరి దేవుడా! మొన్న దసరా పూజల సెలవులకి తాళంచెవి నాకిచ్చేసి, తులసి కుండీని మాత్రం రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లినారు. అప్పుడైనా అర్థం కాలేదన్నా!