మ్యాచ్ ఉన్న రోజు

సింగపూర్, బిషాన్‌లో వసుంధర ఆంటీ ఫ్లాట్. ఐర్లండ్ రగ్బీ మ్యాచ్ ఇప్పుడే ముగిసింది. ఆంటీ ఫోను పక్కింటి కొత్త పెళ్లికూతురు నిఖిల చేతిలో ఉంది.

“ఆంటీ! మీ మరిది వస్తున్నడట! బెల్‌ఫాస్ట్ నుంచి!”

“కాలిన్ వస్తున్నాడా? సరిగ్గా చదువు నిఖిలా. నా కళ్లజోడు కనబడి చావదు.”

“సరిగ్గనే చదివిన. ‘మనవాళ్లు గెలిచారు. విమానం ఎక్కుతున్నా, రేపు సాయంత్రం చాంగీలో దిగుతా.’ అబ్బ, నాకే ఎగరాలనిపిస్తున్నది! పులిహోర నేను చేస్త. మా ఆయన పూలు తెస్తడు.”

“వద్దు.”

“పూలు వద్దా?”

“అతన్నే రావద్దను.”

“అయ్యో, ఎందుకు? మీ ఇంటికి ఒక్క చుట్టం వచ్చుడు చూడలే నేను.”

“అన్నదమ్ములకి పడేది కాదమ్మా. ఐర్లండ్‌ని రెండు ముక్కలు చేసినప్పుడు వాళ్ల ఊరు బ్రిటన్ వైపు ఉండిపోయింది. అక్కడ పుట్టినవాళ్లు ఏ పాస్‌పోర్టయినా తీసుకోవచ్చు. మీ అంకుల్ డెస్మండ్ ఐరిష్‌ది తీసుకున్నారు, కాలిన్ బ్రిటిష్‌ది. తండ్రి పోతే శవపేటిక మీద ఏ జెండా కప్పాలని గొడవ.”

“ఏది కప్పిన్రు?”

“ఏదీ లేదు. ఇంక మాటల్లేవు.”

“మరి ఈ మెసేజ్‌లు?”

“ఫుట్‌బాల్‌కి రెండు జట్లు. రగ్బీకి మాత్రం ఉత్తరం, దక్షిణం కలిపి ఒకటే. అందుకని మ్యాచ్ ఉన్న రోజు రాసుకునేవారు. స్కోరు, అంతే.”

“మేమే నయం. నాది జనగామ, ఆయనది తెనాలి. పచ్చడికాడ కొట్లాడి మళ్ల పచ్చడికాడనే కలుస్తం... ఆంటీ, అంకుల్ పోయి ఏడాదాయె కదా. ఇంకా ఎవరికి రాస్తున్నడు?”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“ఆంటీ.”

“డెస్మండ్‌కే.”

“జవాబులు?”

“నేనే. డెస్మండ్‌లాగా. పోయారని చెబుదామనే ఫోను తీశా. అంతలో స్కోరు వచ్చింది. చెప్పేస్తే ఇంక నాకెవరు రాస్తారే?”

“ఆగండి. ఇంకోటి వచ్చింది.”

“చదవకు.”

“ఇది మీ పేరు మీదనే ఉన్నది.”

“నా పేరా? ...చదువు.”

“‘వసుంధరా, ఏడాదిగా ప్రతి స్కోరు కిందా “తిన్నావా?” అని ఉంటోంది. మా అన్న జన్మలో నన్ను ఆ మాట అడగలేదు. వాడు లేడని అప్పుడే తెలిసింది. రేపు ముందు నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్లు. ఆ తర్వాత తింటాను.’”