గొలుసు లాగితే ఆగిన బండి

గవర్నర్‌పేట సైకిల్ షాపులో బ్రేకు రబ్బర్లు మారుస్తున్నారు. సైకిలు తెచ్చినాయనా, రైల్వే గార్డుగా రిటైరైన ఒక పెద్దాయనా బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు.

"గార్డు గారూ, ఎనిమిదేళ్లుగా ఒక సందేహమండీ. తెనాలిలో మా ఆవిడ తెరేసమ్మ పాలకని రైలు దిగింది. బండి కదిలింది. చంటిపిల్ల నా ఒళ్లో ఉంది. గుణదల మాతకి పది కొవ్వొత్తులు మొక్కుకుని గొలుసు లాగాను. ఆగింది. ఆపింది మాతా, గొలుసా?"

"గొలుసేనయ్యా. సైకిలుకి నొక్కితేనే బ్రేకు పడుతుంది. రైలుకి అలా కాదు, గొట్టంలో గాలి తీసేస్తేనే బ్రేకు వదులుతుంది. నువ్వు గొలుసు లాగేసరికి గాలి లోపలికెళ్లింది, బ్రేకు చక్రాన్ని పట్టేసింది."

"నేనూ అలాగే అనుకుని మొక్కు తీర్చలేదండీ. మా ఆవిడ గుణదల పేరెత్తినప్పుడల్లా నావైపు అదోలా చూస్తుంది."

"సరే, ఆ బండి గార్డు ఏమన్నాడు?"

"కేకలేస్తూ వచ్చాడు. పిల్లని చూశాడు, నవ్వాడు, జరిమానా రాయకుండా వెళ్లిపోయాడు."

"రాయకుండానా? ముప్ఫయ్యేళ్లు చేశాను, పాలకోసం గొలుసు లాగినవాణ్ని ఒక్కణ్ణీ వదల్లేదు. గార్డు చేత అలా వదిలించే పని ఏ బ్రేకూ చేయలేదయ్యా. వెళ్లి కొవ్వొత్తులు కొను."

ఆ సాయంత్రం గుణదలలో పదీ వెలిగాయి. పేరు తెలియని ఆ గార్డు కోసం తెరేసమ్మ పదకొండోది వెలిగించింది.