చేపల పెట్టెలో నీళ్ల సీసా

రెండువేల నాలుగు ఎండాకాలం. మేడ్చల్ అవతలి చెరువు గట్టున, పరీక్షకని చెరువులో పట్టిన నీళ్ల సీసాను స్కూటర్ డిక్కీలో పెట్టబోతున్న ల్యాబు సారుకు చేపలమ్మే ఈదమ్మ అడ్డం నిలబడింది.

“పోయినసారి గూడ గిట్లనే కొంటవోయినవ్ సారూ. నీళ్లల్ల ఏం లేదని కాయితమొచ్చింది. చెరువుల మురికినీళ్లు ఇడిసే మందుల కంపెనోడు మమ్ముల జూసి నవ్విండు.”

“వాళ్లు ఇడిసేది ఆడ హార్మోన్ మందమ్మా. గీ ఎండకు దారిలనే విరిగిపోతది. ల్యాబుకు పోయేసరికి దొరకదు.”

“ఎరికుండి గూడ సల్లగ పెట్టవా?”

“ఆఫీసుల ఐసుపెట్టె అడిగి అడిగి యాష్టకొచ్చింది.”

ఈదమ్మ తన పెట్టెలోని చేపలన్నీ గట్టుమీద గుమ్మరించింది. అడుగున ఐసు మిగిలింది.

“సీసా ఇందుల పెట్టు. జల్దీ పో.”

“అయ్యో, చేపలు ఖరాబైతయి గదమ్మా! ఇయ్యాల బేరం?”

“కోసిన ప్రతి చేపల గుడ్లే సారూ, మగది ఒక్కటి లేదు. ఎరికైనంక గూడ నెల రోజులు అమ్మిన. ఇగ నాతోని గాదు.”