దానికి చేతుల్లేవు, బావా

ఆ ఫోను పక్కన పెట్టు బావా. పెట్టమంటున్నానా! కోడు రాసిపెట్టే ఏఐ చెరిపేసిందని మీ మేనేజరుకి చెప్తావా? చెప్తే సరిపోతుందా? మీ ఆస్పత్రికి రేపు డయాలసిస్‌కి వచ్చేవాళ్ళ వరసంతా గల్లంతైంది. ఎవరికి ఏ పూటో, ఎవరిది ఏ మిషనో చెప్పే దిక్కు లేదు. ఆయన ముందు పట్టుకునేది నిన్నే.

లేదు, దానికేం పిచ్చెక్కలేదు. అలాంటివి తయారుచేసే ఆఫీసులోనే కదా నా ఉద్యోగం? లోపల ఉన్నది మాటలు రాసే బుర్ర ఒకటి, అంతే. దానికి చేతుల్లేవు. ఈ ఫైలు తెరవండి, ఈ కమాండు నడపండి అని రాస్తుంది. చుట్టూ మేం రాసిన మామూలు ప్రోగ్రాం ఒకటుంటుంది. అది ఆ పని చేసి, ఏమైందో బుర్రకి చెబుతుంది. బుర్ర అది చూసుకుని ఇంకోటి రాస్తుంది. పనయ్యేదాకా గానుగెద్దులా తిరగడమే.

ఏంటీ? రోగుల అసలు డేటా జోలికి పోవద్దని దానికి పొద్దున్నే చెప్పావా? చెప్పావులే, నేనూ విన్నాను. ఎక్కడ చెప్పావు? మాటల మధ్యలో! ఆ బుర్రలో పట్టేది కొంతే బావా. మాటలు పెరిగేకొద్దీ పాతవన్నీ కుదించి నాలుగు ముక్కల్లో రాసుకుంటుంది. ఆ నాలుగు ముక్కల్లో నీ మాట రాలేదు. అదే, ప్రతిసారీ చదివే సూచనల ఫైల్లో ఒక్క లైను పెట్టి ఉంటే... ఛ! ఇప్పుడనుకుని ఏం లాభం?

పోయిన వారం కాపీ ఉందా? ఉందిలే. మరి ఈ వారం పూట మార్చుకున్నవాళ్ళ సంగతో? కాళ్ళు వాచి, ఊపిరందక వచ్చిన మనిషిని “మీ పేరు లేదండీ” అని గుమ్మంలోంచే పంపేస్తారా? నాకు భయంగా ఉంది బావా. నిజంగా భయంగా ఉంది.

ఏంటలా చూస్తావు?

అడక్కుండా ఎలా చేసిందంటావా? అడక్కుండా చెయ్యదు. ఇలాంటి పనికి ముందు మనిషిని అడిగి తీరాలి, అలాగే కట్టాం. ఆ అడిగే తెర చేసింది నేనే. జనం చదవకుండా “సరే” కొట్టేస్తున్నారని టీం అందరితో పోట్లాడి మరీ ఎర్రక్షరాలు పెట్టించాను.

ఇవాళా అడిగింది బావా.

నువ్వు అక్కతో మాట్లాడ్డానికి వరండాలోకి వెళ్ళావు చూడు, అప్పుడు. నీ కుర్చీలో నేనున్నాను. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు అడిగిందో, అన్నిటికీ “సరే” అంటూనే ఉన్నాం కదా, ఇదీ అలాంటిదేలే అనుకున్నా. ఎర్రగా కనబడింది కూడా. కనబడింది బావా! చదవలేదు. నొక్కేశాను.

మా మరదలు చేసిందని చెప్పు మీ మేనేజరుకి. ఆ తెర చేసిన మనిషే చదవకుండా నొక్కిందంటే ఆయన నమ్మడు. నేనైనా నమ్మేదాన్ని కాదు.