ఎస్తేరు చేతి చేదు

ఇదొక వంటనా ఎస్తేరూ? నువ్వే చెప్పు. నూనె కాగింది లేదు, తాలింపు ఏసింది లేదు, చింతపండు పిసికింది లేదు. పెరుగు, కారం, అల్లమెల్లిగడ్డ, జర వాము, నిమ్మకాయ రసం. గింతే. చేపకు పూసి, సిల్వర్ కాయితంల సుట్టి, గా ఓవెను డబ్బాల పెట్టి, బటన్ ఒత్తి పోయింది మా కోడలు. "అత్తయ్యా, అరగంటలో అయిపోద్దండి, చాలా ఈజీ" అంటది. కోదాడ పిల్ల గదా, మాట గట్లనే సాగదీస్తది.

ఈజీ అంట! చేపలు ఈజీగ అయితయా? ముందురోజు వండి తెల్లారి తింటె గదా పులుసు రుచి. చుట్టాలొచ్చే పూటకు ఎవలన్న గిట్ల ముక్క కొయ్యకుండ, నిండు చేప పెడ్తరా? ఎవలు తల తినాలె, ఎవలు నడిమి ముక్క తినాలె? అందరు నాలుగు దిక్కుల పొడుసుకొని తినుడేనా?

ఆ కుర్చీ జర గిట్ల జరుపుకో, ఫ్యాను కిందికి. మంచిదే, ఇంక దూరం కూసుంటె గూడ నేనేమనను. మా కొడుకు నరేషు కోదాడల డ్యూటీ దిగి వస్తున్నడు. కృపారాణి స్కూటీ మీద బస్టాండుకు పోయింది, మొగన్ని తోలుకరాను. రానుపోను పావుగంట. అందాక మనమిద్దరమే.

మిర్యాలగూడ దవాఖానల కలిసిందంట గదా నీకు? గదే, నన్నడక్కుండ భోజనానికి పిలిచింది. పిలిచినంక చెప్పింది నాకు. "చిన్నత్త వస్తానన్నారండి" అని. నేనేమన్నానో తెల్సా? ఏమనలే. బియ్యం ఏరుకుంట కూసున్న. ఏమనకపోతెనే ఆమెకు భయం.

ఇర్వై రెండేండ్లాయె నువ్వు మా ఇంట్ల అన్నం తినక. ఈ పొద్దు నీతోని తినిపియ్యాలెనని ఆమె పంతం. పొద్దుగాలనుంచి ఇల్లంత ఊడ్సింది, కడిగింది. కొత్త ప్లేట్లు తీసింది. సూడు, ఆ పూల ప్లేట్లు, పెండ్లప్పుడు వాళ్ల అమ్మ పెట్టినయి. నాకు ఒక్కనాడన్న వాటిల పెట్టలే.

సరే, వినుకో. చేప చేదుగుంటె మాత్రం నన్నడగకు. ముందే చెప్తున్న. నిమ్మకాయ గింజలతోనే పిండింది, నేను సూసిన. గింజ పడితె చేదు రాదా? ఆ వాము గూడ ఎక్కువేసింది. ఎందుకేసినవ్ బిడ్డా అంటె ఫోన్ల అట్లనే ఉన్నదండి అంటది. ఫోను వండుతదా?

ఏంది గట్ల సూస్తున్నవ్? నేనేమన్న ఇప్పుడు? కోడలిని అనుకునే హక్కు గూడ లేదా నాకు?

చేదు అన్న మాట ఇనంగనే మొఖం మారిపాయె నీది. ఇంకా మనసుల పెట్టుకున్నవా? నేనైతె పెట్టుకోను. మీ బావ పోయిన్నాడు నువ్వు గేటు కాడికి వచ్చి, లోపలికి రాకుండ మళ్లిన సంగతి నేను ఎవ్వరికన్న చెప్పిన్నా? కృపారాణికి ఒక్కదానికే చెప్పిన. మా వదినెకు చెప్పిన. వాళ్లు ఇంకెవలకన్న చెప్పుకుంటె నాదా తప్పు?

ఆనాడు నువ్వు అన్నం క్యారియర్ తెచ్చినవ్, అవును. మూత తియ్యకుండనే వాపసు పంపిన, అవును. మన ఊరు పెన్‌పహాడ్ల మామ జ్ఞాపకార్థ కూడిక నాడు నువ్వొండిన పులుసు ఎట్లుండెనో ఊరందరికీ ఎరుకే గదా. చెరువుల చేపలు పట్టిన దినాలు. తొమ్మిది కిలోల బొచ్చె చేప తెచ్చిండు మా మరిది, నీ మొగడే. ఎనభై మంది బంతికి కూసున్నరు. పాస్టరు అయ్యగారు మొదటి ముద్ద నోట్ల పెట్టుకొని, నీళ్ల గ్లాసు అందుకున్నడు. ఒకరెనక ఒకరు లేసిపోయిండ్రు. మన అత్త నిన్నేమన్నదో ఇంక నా నోటితోని ఎందుకు? "ఈమె చేయి చేదు, ఇగ నా పొయ్యి కాడికి రావద్దు" అన్నది. ఆ మాటనే ఊరు పట్టుకున్నది. మూడు నెల్లకు మీరు మూట గట్టుకొని మిర్యాలగూడ రైస్‌మిల్లుకు పోయిండ్రు.

లేస్తున్నవేంది? ఏడికి? బస్సులు ఇంకా శానా ఉన్నయి, కూసో. నువ్వు గిట్ల పోతె ఆ పిల్ల నేనే ఎల్లగొట్టిన్నంటది.

ఏమన్నవ్?

మళ్లొక్కసారి అను. "నన్ను చేసినట్టు ఆ పిల్లను చెయ్యకు అక్కా" అంటవా?

నేనేం చేసిన నిన్ను?

ఆ కత్తిపీట దిక్కు ఏలు సూపిస్తవేంది?

ఎస్తేరూ. నీకు తెల్సా?

ఎప్పటినుంచి? గా పొద్దుటినుంచేనా? పులుసు దించినంక గిన్నెలు తోమ బూడిద కోసం దొడ్డి దిక్కు వచ్చినవ్ గదా నువ్వు. వచ్చి, తీస్కపోకుండనే మళ్లినవ్. చేప పొట్టు, పేగులు ఏసిన గంప కాడ ఏదో నీడ కదిలిందని నేను అనుకుంటనే ఉన్న. ఇన్నేండ్లు అది కుక్క అని చెప్పుకున్న నాకు నేను.

మరి ఎందుకు నోరు తెర్వలే? పులుసు కాడ అత్త నీ జుట్టు పట్టినప్పుడన్న చెప్పకపోతివా?

మూడు నెల్ల కోడలి మాట ఎవలు ఇంటరు అంటవా. ఊఁ. నిజమే. ఇన్నా నేను ఇననిచ్చేదాన్ని కాదు. నీ కంటె ముందు నేనే మొత్తుకునేదాన్ని.

కూసో తల్లీ, నీకు దండం పెడ్త. నా మోకాళ్లు లెవ్వనియ్యవు, నీ ఎనక ఉరకలేను.

గా పొద్దు లోపల నువ్వు వాక్యం సదువుతున్నవ్. నేను దొడ్డిల చేప కోస్తున్న. నా పెండ్లై పదేండ్లాయె అప్పటికి. ఒక్క కూడికల గూడ నా పేరు ఎవలు పిలవలే. నాకు సంతకమే రాదాయె, ఏం పిలుస్తరు? నువ్వు మొన్న వచ్చినవ్, నీ చేతికి బైబిలు ఇచ్చిండ్రు. నీ గొంతు కిటికీల కెల్లి వస్తుంటె అత్త "సూడు, ఎంత సల్లగ సదువుతున్నది" అనుకుంట మురిసిపోతున్నది. నాకు వినొస్తున్నది. కత్తిపీట మీద నా చేయి ఎటు పోయిందో నాకే తెల్వదు. చేప కడుపుల పచ్చగ చిన్న తిత్తి ఉంటది సూడు, చేదుతిత్తి, అది పుటుక్కున తెగింది. కోసిన ముక్కలన్నిటి మీద కారింది. తెగిన తిత్తిని గంపల పడేసిన, నువ్వు సూసింది గదే.

కావాలని తెంపలే. దేవుని తోడు. అది మాత్రం నమ్ము.

కాని కడిగి పారేయలే గదా నేను. ఒక్కసారి నీళ్లల్ల ముంచి, నీకందిచ్చిన. ఉప్పు కారం పట్టిచ్చు సెల్లె అన్న. నవ్వుకుంట తీసుకున్నవ్. చేదైతదని తెల్సి ఇచ్చిన్నా, చేదు కాదులే అనుకొని ఇచ్చిన్నా, ఇప్పుడు నాకే తెలుస్తలేదు. పొయ్యి మీద వండింది నువ్వు, వడ్డిచ్చింది నువ్వు. నన్నెవలూ అడగలే. అడగకపోతె బతికిపోయిన్ననుకున్న.

ఆగు. అయిపోలే ఇంకా.

ఈ పొద్దు గూడ నేనే కడిగిన చేప. రూప్‌చందు. బజార్ల పిలగాడు కోసిస్తనంటె వద్దన్న, వానికి చేతకాదన్న. నిండుగ ఉండాలె గదా డబ్బాల పెట్టనీకి, చిన్న గాటు పెట్టి ఏళ్లతోని లోపలిది గుంజాలె. నాకు కండ్లు మసకలు. ఆపరేషన్ చేపియ్యమని నరేషు మొత్తుకుంటుంటె నాకేం కాలేదని తిట్టిన. ఏలికి మెత్తగ తగిలింది. తీస్తె పచ్చగున్నది ఏలంత. నాలుగుసార్లు కడిగిన, ఉప్పు పెట్టి రుద్దిన, నాలిక మీద పెట్టుకొని సూసిన. పోయిందనిపిచ్చింది. మళ్ల సూస్తె పోలేదనిపిచ్చింది. అంతల్నే కృపారాణి వచ్చి "అయ్యిందా అత్తయ్యా" అన్నది.

అయ్యింది బిడ్డా అన్న.

ఎంత అలవాటుగ వచ్చిందే ఆ మాట నోటికి!

అందుకే నిమ్మకాయ గింజల ముచ్చట తీసిన నీ దగ్గర. ముందుగాలనే పెట్టుకున్న, చేదైతె ఎవలి మీదికి పోవాల్నో. నువ్వు పట్టేసినవ్. నువ్వొక్కదానివే పట్టుకుంటవ్, ఇంకెవలు పడ్తరు?

ఇగో, నాకేం కన్నీళ్లు రావు, సూడకు. మాఫ్ చెయ్యి అనే మాట గూడ నాకు రాదు, నేర్వలే. నువ్వు పోతనంటె పో. కాని ఆమె వచ్చేదాక ఉండు. నువ్వు ఎదురుంగ లేకపోతె నేను మళ్ల మాట మారుస్త, నా సంగతి నాకెరుక. నిమ్మకాయ అంట, వాము అంట. నువ్వు గోడకు ఆనుకొని ఊకె నిలబడు, నువ్వేం మాట్లాడకు. సాలు.

స్కూటీ సప్పుడేనా అది? ఔ, మావోళ్లే.

బిడ్డా కృపా! సంచి ఆడ పెట్టి గిట్ల రా. నరేషూ, నువ్వు గూడ. బూట్లు తర్వాత ఇప్పుకోవచ్చు.

ఆ డబ్బా బంద్ చెయ్యి బిడ్డా. అది తినేటట్టు ఉండదు. చేదుతిత్తి తెంపిన నేను, తెంపి నీకు చెప్పలే. నీ మసాలా మంచిగనే ఉన్నది, వాసనకే తెలుస్తున్నది.

పర్వాలేదు అంటవేంది అప్పుడే? పర్వాలేదు అనకు. ఇంకోటి ఉన్నది, దానికి నువ్వు కూసోవాలె.

మీ చిన్నత్త చేయి గురించి నీకు ఏడేండ్లనుంచి ఏం చెప్పిన్నో, అదంత అబద్ధం. పెన్‌పహాడ్ పులుసు గూడ నా పనే. ఆమెకు అప్పుడే తెల్సు. తెల్సి ఊకున్నది.

గట్ల సూడకుండ్రి ముగ్గురు ముగ్గురు. చెప్పిన గదా, ఇంకేం చెయ్యాలె నేను?

పో బిడ్డా, పొయ్యి ముట్టియ్యి. ఇంట్ల కోడిగుడ్లన్న ఉన్నయా, లెవ్వా?