గీత దాటిన తోట

పినపాక అవతల, అడవి అంచున ఒక ఇల్లు. నవంబరు ఒకటో తారీకు, పొద్దు వాలే వేళ. రేపు సమాధుల పండుగ, పోయినవాళ్ళ మీద పూలుంచే రోజు. బొగ్గుబాయి నుంచి రిటైరైన స్తెఫను, ఆయన భార్య సంపూర్ణ పెరటి తోటలో బంతిపూలు తెంపుతున్నారు.

"...అది సర్వే కాదు సంపూర్ణా, సర్వం పట్టుకపోవుడు. బొగ్గుగనికి తీసుకునే ఇండ్ల మొదటి లిస్టుల మన ఇల్లు లేకుండె. గీత వాగు అవతల్నే ఆగింది. మొన్న అంటించిన లిస్టుల ఆ గీత వాగు దాటి మన పెరట్లకొచ్చింది. గీతకు ఈత ఎవరు నేర్పిన్రు?"

"నన్నడుగుతవేంది? పూలు తెంపు. మొగ్గలు ముట్టకు."

"మొగ్గలుంచి ఎవరికి? వచ్చే ఏడు ఈ పండుగకు ఈడ ఓపెన్‌కాస్టు గుంత ఉంటది. ఓపెన్‌కాస్టు కాదది, ఓపెన్ కష్టం."

"నీ మాటలకు బంతులు గూడ వాడిపోతున్నయ్."

"పక్కింటి చందర్ చెప్పిండు. ఎవరో సర్వే ఆఫీసుల అర్జీ ఇచ్చిన్రట. స్తెఫను ఇల్లు గూడ కలుపుకోండ్రి, వేరే తావు చూపించండ్రి అని."

"చందర్‌కు ఏం పని లేదా?"

"వాళ్ళు పెట్టింది అర్జీ, నాకైంది అజీర్తి. నిన్నటి నుంచి బువ్వ సయిస్తలేదు."

"బువ్వ సయించనిది దగ్గుతోటి. ఆ బుట్ట ఇటియ్యి."

"దగ్గుదేముంది. దగ్గరోళ్ళు లేనోళ్ళకు గూడ దగ్గు ఉంటది."

"నవ్వొస్తలేదు నాకు. నిన్న దగ్గితే నల్లగ పడ్డది. చూసిన."

"ముప్పై ఏండ్లు బాయిల దిగినోడికి నల్లగ పడక మల్లెపూలు పడతయా?"

"డాక్టరు ఏమన్నడు? దవాఖానల, నా ముంగట్నే?"

"దుమ్ముకు దూరముండమన్నడు."

"నువ్వేం చేస్తున్నవ్? అటు గనిల బ్లాస్టింగ్ కాంగనే తడిగుడ్డ పట్టుకొని ఆకాకు తుడుస్తవ్. మామిడి, జామ, ఆ ఇటలీ ఫాదర్ ఇచ్చిన అంజూర..."

"అంజూరకు తుడుసుడు ఏడుంది? మన చెట్లు మాఘం దాక ఆగుతయ్, ఇది ఈ నెల రాంగనే రాలిపోతది. ఫాదర్ చెప్తుండె గదా, వాళ్ళ అమ్మోళ్ళింటి తోటంత ఈ నెలల్నే ఎర్రబడి రాలుతదని. ఇరవై ఏండ్లాయె వచ్చి, దీనికింకా ఆ ఊరి గడియారమే."

"అన్ని చెట్లు అట్లనే రాలితే బాగుండు. తుడిచి తుడిచి నీ చెయ్యి పాయె, నీళ్ళు మోసి మోసి నా నడుం పాయె."

"అంటే విసుగొచ్చింది నీకు."

"రాలే."

"తోట మీదనా, తోటమాలి మీదనా?"

"రాలే అన్న గదా. అలిసిపోయిన. విసుగు వేరు, అలుపు వేరు."

"అవ్, వేరే. చందర్ ఇంకోటి గూడ అన్నడు. ఆ అర్జీ ఆడమనిషి తెచ్చిచ్చిందట."

"ఊర్ల ఆడోళ్ళు లేరా? కొండమ్మ లేదా, కన్నమ్మ లేదా?"

"కొండమ్మకు రాత రాదు. కన్నమ్మ ఇల్లు మొదటి లిస్టుల్నే పాయె, ఆమెకు మన ఇంటితోటి ఏం పని?"

"నాకేం తెలుసు."

"పూలు చాలా?"

"ఇంకొన్ని."

"బుట్ట నిండి కింద పోస్తున్నవ్ సంపూర్ణా."

"నేనే ఇచ్చిన ఆ అర్జీ, తబిత నాయినా. బట్టలకని మణుగూరు పోయిన రోజు. నీకు చెప్తే చెట్టును కావలిచ్చుకొని కూసుంటవని చెప్పలే. ఎట్లయిన లేపుకపోవాలె నిన్ను ఈ దుమ్ముల నుంచి. లేకపోతే వచ్చే పండుగకు పూలు పట్టుకొని నీ కాడికే రావాల్సొస్తదని భయమైంది. తిట్టు. ఎగతాళన్న చెయ్యి. గట్ల చూడకు."

"చందర్‌ను పోయి ఏం అడగకు. ఆయనకేం తెల్వదు."

"మరి నీకెవరు చెప్పిన్రు?"

"పట్టా నా పేరు మీద ఉండె, నీ సంతకం ఒక్కటే చెల్లదని పోయిన సోమవారం ఆఫీసుకు పిలిచిన్రు. పోయి, నీ సంతకం కింద నాది పెట్టొచ్చిన."