పాస్ అవుట్

అదేం ఇంగ్లీషు అమ్మణీ అది? ఒకే మాటకి అన్ని అర్థాలు పెడితే మాలాంటోళ్లు యాడికి పోయేది?

అయ్యో, ఏడవద్దు. నిన్ను తిట్టలా నేను. నా బిడ్డతో ఒకే రూములో ఉన్నదానివి. ఆమె పెట్టె మోసుకోని మద్రాసు నుంచి ఈ తుడియలూరు దాకా వచ్చినావు. నిన్నెట్ల తిడతాను? కూర్చో. కాఫీ తాగు.

ఆ పొద్దు పంపుల కంపెనీలో ఊడ్చేసి అప్పుడే ఇంటికొచ్చినా. ఫోను మోగింది. ఇలక్కియ ఫోటో కనపడింది. ఎత్తితే నీ గొంతు. "ఆంటీ, ఇలక్కియ పాస్ అవుట్, పాస్ అవుట్" అంటివి. నడుమ ఏమేమో ఇంగ్లీషు. నేను "ఎన్నమ్మా, ఎన్న?" అని తమిళంలో అడుగుతుంటే నీకి తెలవలా. నాకి అందింది ఆ మాటొకటే.

ఆ మాట నాకి తెలుసు కదా! "అమ్మా, నేను పాస్ అవుట్ అయిపోతే అప్పురం నువ్వు చీపురు పట్టకూడదు" అని ఎప్పుడు ఫోను చేసినా చెప్తా ఉన్నింది. నీ గొంతు వణికింది. సంతోషమేమో అనుకున్నా. నా గొంతూ వణికింది గదా! "థాంక్స్ మా, థాంక్స్" అని పెట్టేసినా.

ఫోను చాప మీద పడేసి పరిగెత్తినా. మైసూర్‌పా కొన్నా. వీధంతా పంచినా. మా వీధిలో కాలేజీ ముగించిన మొదటి ఆడబిడ్డ అమ్మణీ! ఎదురింటి ఆరాయి నన్ను పట్టుకోని ఏడ్చేసింది. "రక్కమ్మా, సాధించినావే" అనింది.

తిరిగొచ్చేసరికి నా కొడుకు మణికండన్ గుమ్మంలో నిలబడున్నాడు, చేతిలో ఫోను పట్టుకోని. అది మళ్లీ మోగితే వాడే ఎత్తినాడంట. డాక్టరు తమిళంలో చెప్పినాడంట. తలలో నరం తెగిందని. పాప ఇంక లేదని.

పాస్ అవుట్ అంటే తెలివి తప్పి పడిపోయేది కూడానంట. వాడే చెప్పినాడు. పంచిపెట్టేదానికి కూడా అదే మాటంట అమ్మణీ! నా బిడ్డ అక్కడ పడుంటే నేనిక్కడ...

ఏమంటివి?

నడుమ కండ్లు తెరిచిందా? అమ్మతో మాట్లాడాల అనిందా?

నువ్వు ఫోను వేసినావా... ఎవరూ ఎత్తలేదా.

అవును. ఆ చాప మీద మోగుంటుంది. నేను పక్క వీధికి కూడా పోయుంటిని, మైసూర్‌పా మిగిలిందని.

సరి. నీ తప్పు గాదు. తమిళోళ్లు కదా అని ఇంగ్లీషులో చెప్పినావు. "ఆంటీ, పాప పడిపోయింది" అని తెలుగులో ఒక్క మాట... మాదీ తెలుగే అని ఆమె నీకి చెప్పనే లేదు.

ఎందుకా? హాస్టల్లో చేరిన కొత్తలోనే అనింది నాతో. "అమ్మా, నా రూములో ఉండే పిల్లది ఆంధ్రా. ఆమె మాట ఎంత బాగుందో! మన తెలుగు వింటే నవ్వుతుంది. నేను నోరు తెరవను." సరి, నీ ఇష్టం, నేనూ తెరవను అంటిని.

ఇదే అమ్మణీ మా తెలుగు. ఇంతసేపూ వింటివి గదా.

నవ్వొస్తే నవ్వు. సిగ్గుపడేదానికి ఇంక ఆ బిడ్డ లేదు.